పాత అంబాసిడర్‌కు ఎఫ్‌సీ: సీమ ఎండల్లో కారును పరీక్షకు సిద్ధం చేసే పద్ధతి

కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో మీ ఇంటి పక్క రేకుల షెడ్డు కింద ఒక అంబాసిడర్ ఉందనుకుందాం. కాకపోతే ప్రీమియర్ పద్మిని, అదీ కాకపోతే తొలినాటి మారుతి 800. ఆర్సీ గడువు దగ్గర పడుతోంది. చూసిన ప్రతివాళ్లూ "దీనికి ఇంకా ఎఫ్‌సీ ఇస్తారా? తుక్కుకు వేసేయండి" అంటారు. ఎఫ్‌సీ అంటే బండి రోడ్డుకు తగిందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. తుక్కు మాట పట్టించుకోనక్కరలేదు. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలని టీవీలో వచ్చిన వార్తలు ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర బండి వయసు ఒక్కటే చూసి కాదనరు. పరీక్షకు నిలబడితే తిరగనిస్తారు.

నిలబడుతుందా అంటే, తరచూ తిరుగుతూ ఉండే పాత కారు నిలబడుతుందనే చెబుతాను. షెడ్డులో ఆరునెలలు పడుకుని పరీక్ష రోజున లేచిన కారు మాత్రం తప్పుతుంది. అదీ ఇంజిన్ వల్ల కాదు. వెనక నంబర్ ప్లేటు మీద వెలగని బల్బు, పట్టని హ్యాండ్ బ్రేకు, ఎండిపోయిన వైపర్ రబ్బరు, మడ్డి కింద కనబడని ఛాసిస్ నంబరు లాంటివి దెబ్బకొడతాయి. అన్నీ చవకలో అయ్యే పనులే. చేసే క్రమం తెలిస్తే చాలు.

మీ బండికి ఏ పరీక్ష, ఎన్నాళ్లకు?

సొంత కారు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని మోటారు వాహనాల తనిఖీ అధికారికి, అంటే మన ఊళ్లలో అందరూ పిలిచే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. పసుపు ప్లేటు ట్యాక్సీ అయితే లెక్క వేరు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు.

సొంత కారుకు ఐదేళ్ల వెసులుబాటు చూడటానికి వరమే గాని, పాత బండికి మంచిది కాదు. ఐదేళ్లలో బ్రేకు గొట్టం పగులుతుంది, టైరు ముదురుతుంది, అడిగేవాళ్లుండరు. బ్రిటన్‌లో కార్లకు ఎంఓటీ అనే పరీక్ష ఏటా ఉంటుంది. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు 2018 మే నుంచి దాన్ని మినహాయించారు. మినహాయించినా బండిని రోడ్డుకు తగినట్టు ఉంచే బాధ్యత యజమానిదే అని అక్కడి చట్టం చెబుతుంది. మనమూ ఆ పద్ధతిలోనే పోదాం. ఏటా దసరాకు ఎలాగూ ఆయుధ పూజకు బండి కడుగుతాం, నిమ్మకాయలు కడతాం. దానికి వారం ముందు ఈ కింద చెప్పిన పనులన్నీ ఒకసారి చేసేయండి. అప్పుడు ఐదో ఏడు వచ్చే ప్రభుత్వ పరీక్ష కొత్తగా అనిపించదు.

ఫీజు సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్‌కు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేశారు. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో 20 ఏళ్లు దాటిన కారుకు అది 10,000 అయింది. విదేశాల నుంచి తెచ్చిన కారైతే 80,000. దీనికి హరిత పన్ను అదనం. గడువు దాటిస్తే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము కూడా పడుతుంది. గడువు తీరిన ఆర్సీతో రోడ్డెక్కడమంటే రిజిస్ట్రేషన్ లేని బండి నడిపినట్టే, జరిమానా వేరుగా ఉంటుంది.

మీ కారు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉంటే 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అలా నమోదైన కారును ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. నంద్యాలలో మేనల్లుడి పెళ్లికి కుటుంబంతో కారులో వెళ్లాలనుకునేవాళ్లకు అది పనికిరాదు. నన్నడిగితే మామూలు రిజిస్ట్రేషన్ నిలుపుకోవడమే మేలంటాను.

మొదటి పని: కాగితాలు

పాత కార్లతో వచ్చే చిక్కుల్లో సగం బండిలో ఉండవు, ఆర్సీలో ఉంటాయి. గడువుకు కనీసం మూడు నెలల ముందే ఆర్సీ తీసి, వెలుతురులో కూర్చుని, అక్షరం అక్షరం చదవండి.

పేరు ఎవరిది? తాతగారి పేరు మీదే ఉండిపోయిన అంబాసిడర్లు సీమలో చాలా ఉన్నాయి. యజమాని చనిపోయాక ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. అది పూర్తయ్యేవరకు రెన్యువల్ మాట ఎత్తకండి. ఎప్పుడో తీరిపోయిన బ్యాంకు అప్పు ఆర్సీ మీద అలాగే ఉందేమో చూడండి. ఆంధ్రా బ్యాంకు పేరు కనబడితే కంగారు పడనక్కరలేదు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసింది కాబట్టి, అప్పు తీరినట్టు లేఖ యూనియన్ బ్యాంకు శాఖలోనే అడగాలి. ఆ లేఖ రావడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం. మూడు నెలల ముందు అన్నది అందుకే.

మీ ఆర్సీ పాత పుస్తకం రూపంలో ఉంటే ఆ వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కాయో లేదో పరివాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి చూడండి. 1989కి ముందటి నంబర్లకు, అంటే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఆ పక్కన అంకెలు ఉండే వాటికి, ఈ చిక్కు ఎక్కువ. వివరాలు లేకపోతే పుస్తకం తీసుకుని ఆఫీసుకు వెళ్లి ఎక్కించమని దరఖాస్తు పెట్టాలి. చిరునామా కూడా సరిచూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక డోన్, బనగానపల్లె నంద్యాల జిల్లాలోకి, ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. పాత ఆర్సీలో కర్నూలు జిల్లా, అనంతపురం జిల్లా అనే ఉంటుంది. ఏ ఆఫీసులో బండి చూపాలో అడిగి తెలుసుకున్నాకే స్లాట్ తీసుకోండి.

ఇక బీమా. థర్డ్ పార్టీ ఉంటే చాలు, కానీ పరీక్ష రోజుకు అది అమల్లో ఉండాలి.

రెండో పని: రెండు నంబర్లు

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉన్నట్టే బండి మీద కనబడాలి. పాత కారు విషయంలో అధికారి మొదట అడిగేది ఇదే. నలభై ఏళ్ల మడ్డి, మూడు నాలుగు సార్లు కొట్టిన పెయింటు కింద ఆ అంకెలు దాక్కుని ఉంటాయి.

కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో మడ్డిని నానబెట్టి తుడవండి. పెయింటు ఉంటే థిన్నర్‌తో కరిగించండి. గ్రైండర్, ఉప్పు కాగితం ఆ చోట తాకనివ్వకండి. అంకె చెరిగినట్టు కనబడితే దొంగబండి అనుమానం వస్తుంది, అది తేలేసరికి నెలలు పడుతుంది. శుభ్రమైన అంకెల మీద సుద్దముక్కతో అడ్డంగా రుద్ది, పైపైన వేలితో తుడిస్తే గుంటల్లో తెలుపు నిలిచి నంబరు స్పష్టంగా కనబడుతుంది. తర్వాత పలచటి తెల్లకాగితం దాని మీద అదిమిపట్టి, మెత్తటి పెన్సిల్‌ను పక్కవాటుగా పెట్టి రాయండి. అంకెలు కాగితం మీదికి దిగుతాయి. ఈ ప్రింట్లు రెండు మూడు తీసి ఫైల్లో పెట్టుకుంటే ఎండలో బానెట్ ఎత్తి వెతికే పని తప్పుతుంది.

ఇంజిన్ నంబరు తేడా వచ్చిందా? అంబాసిడర్లలో ఇది మామూలే. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ తీసి డీజిలు ఇంజిన్ బిగించుకోవడం ఒకప్పుడు ఇంటింటా జరిగిన పని. చట్టం ప్రకారం అలాంటి మార్పుకు అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. రాయించని బండి బ్రేకులు ఎంత బాగా పట్టినా పరీక్షలో నిలవదు. కొత్తగా కొనేవాళ్లకు ఒక మాట: ధర మాట్లాడే ముందే ఈ రెండు నంబర్లూ ఆర్సీతో సరిచూసుకోండి. ప్రభుత్వ వేలంలో కొన్న అంబాసిడరైతే పాత శాఖ పేరు, సైరన్ హారన్, బుగ్గ లైటు తాలూకు స్విచ్చి ఏవైనా మిగిలాయేమో చూసి తీసేయండి. 2017 మే 1 నుంచి మంత్రులకే బుగ్గ లేదు, మనకెందుకు?

మూడో పని: బ్రేకులు

దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. పాత అంబాసిడర్, పద్మిని కార్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అంటే తిరిగే డ్రమ్ముకు లోపలి నుంచి లైనింగులు ఒత్తుకుని ఆపేవి. పైగా పాత మోడళ్లలో నాలుగింటికీ కలిపి ఒకే ఆయిల్ లైను. ఒక్క చక్రం దగ్గర కారినా పెడల్ మొత్తం నేలకు దిగిపోతుంది. అధికారి మెచ్చుకోవడం సంగతి తర్వాత, ముందు మీ ప్రాణం సంగతి.

ఇంజిన్ ఆపి, పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. కాలి కింద మెల్లగా జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగింది. రెండు మూడు సార్లు తొక్కాకే గట్టిపడుతుంటే లైనులో గాలైనా ఉండాలి, లైనింగులు డ్రమ్ముకు దూరమైనా అయి ఉండాలి. ఇప్పుడు కారు కింద దూరి ఒక్కొక్క చక్రం లోపలి వైపు చూడండి. తడి కనబడితే వేలితో తాకి చూడండి. పలచగా ఉండి, పెయింటును తినేసిన గుర్తులుంటే అది వీల్ సిలిండర్ నుంచి కారిన బ్రేక్ ఆయిల్. చిక్కగా, ఘాటైన వాసనతో ఉంటే వెనక యాక్సిల్ ఆయిల్, అంటే సీలు పోయింది. ఏదైనా సరే, ఆయిల్ పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించే అలవాటు మన షెడ్లలో ఉంది. ఒప్పుకోకండి. ఆ రోజుకు పట్టినట్టుంటుంది, వేడెక్కగానే జారుతుంది. రెండు వైపులా ఒకేసారి కొత్త లైనింగులు వేయించండి. ఒక వైపే వేస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

సర్దుబాటు మీరే చేసుకోవచ్చు. చక్రాన్ని జాకీతో ఎత్తి, ఒక చేత్తో తిప్పుతూ, లైనింగును డ్రమ్ముకు దగ్గర చేసే అడ్జస్టర్‌ను కొద్దికొద్దిగా బిగించండి. చక్రం పూర్తిగా పట్టేసిన చోట ఆగి, అక్కడి నుంచి వెనక్కి వదలండి. లైనింగు డ్రమ్ముకు తాకీ తాకనట్టు సన్నటి రాపిడి చప్పుడు వినిపించి, చక్రం స్వేచ్ఛగా తిరిగితే అదే సరైన చోటు. నాలుగింటికీ ఇలాగే చేశాకే హ్యాండ్ బ్రేకు కేబుల్ జోలికి వెళ్లండి. చాలామంది తలకిందులుగా చేస్తారు. లైనింగు దూరంగా ఉంచి కేబుల్‌ను బిగిస్తారు, నెల తిరక్కుండానే అది సాగిపోతుంది. హ్యాండ్ బ్రేకు పరీక్షకు ఏదైనా వాలులో బండి నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, లివర్ లాగి కాలు తీసేయండి. కదలకూడదు. పక్కన ఎవరినైనా రాయి పట్టుకుని నిలబడమనండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. అందులో ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. డబ్బా విడిగా పెట్టుకోండి. ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి దుమ్ములో తిరిగే బండి అయితే ఏటా డ్రమ్ములు విప్పి లోపల పేరుకున్న పొడిని తడిగుడ్డతో తుడవడం మరువకండి. నోటితో ఊదకండి. పాత లైనింగుల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పని అయ్యాక ఖాళీ మైదానంలోనో, మనుషులు లేని తిన్నని దారిలోనో నెమ్మదిగా వెళుతూ బ్రేకు కొట్టి చూడండి. హైదరాబాద్ - బెంగళూరు హైవే మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

నాలుగో పని: లైట్లు, వైర్లు

చీకటి పడ్డాక ఇంటి ముందు నిలిపి, ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి, మీరు బండి చుట్టూ తిరగండి. హెడ్‌లైట్లు డిమ్, బ్రైట్, పార్కింగ్ లైట్లు, నాలుగు ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, వెనక నంబర్ ప్లేటు లైటు. చివరిది చాలా చోట్ల ఉండదు, ఉన్నా వెలగదు. ఇరవై రూపాయల బల్బు కోసం మళ్లీ తేదీ తెచ్చుకోవడం కన్నా తలనొప్పి ఉండదు.

ఇండికేటర్ వేస్తే వెనక బ్రేకు లైటు కూడా మిణుకుమంటోందా? బల్బులు మార్చడం ఆపి, ఎర్త్ చూడండి. లైటు డబ్బా బాడీకి తగిలే చోట పెయింటు, తుప్పు పేరుకుని ఉంటాయి. ఆ స్క్రూ విప్పి, ఇనుము మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, కాస్త వాసెలిన్ రాసి బిగించండి. పాత కార్లలో లైట్ల జబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తగ్గిపోతాయి. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలి. ఒక పక్క మాత్రమే వేగం మారితే ఆ పక్క ఒక బల్బు పోయిందనుకోవచ్చు.

అంబాసిడర్‌లో ఇంకో తిరకాసు ఉంది. పాత బండ్లలో బ్రేకు లైటు స్విచ్చి ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. ముదిరిన స్విచ్చి పెడల్‌ను బలంగా తొక్కితేనే వెలిగిస్తుంది. మనం తొక్కేది బలంగానే కాబట్టి మనకు బాగానే ఉన్నట్టుంటుంది. అధికారి మెల్లగా తొక్కమంటారు, వెలగదు. కాలి బొటనవేలితో తాకినట్టు తొక్కి చూడండి.

ఎక్కువ వెలుగు కోసం వంద వాట్ల బల్బులు వేసుకున్నవాళ్లు వాటిని తీసేసి మామూలు 60/55 వాట్ల హాలోజన్ పెట్టుకోండి. పాత స్విచ్చి, సన్నటి వైరు ఆ కరెంటును మోయలేవు, డాష్‌బోర్డు వెనక ప్లాస్టిక్ కరిగిన వాసన మొదలవుతుంది. ఇక లైటు దిశ. గోడకు ఐదు మీటర్ల దూరంలో సమతలం మీద కారు నిలిపి, హెడ్‌లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద గీత గీయండి. డిమ్ లైటు వెలుగు పైఅంచు ఆ గీతకు ఐదారు సెంటీమీటర్లు కిందనే ఆగాలి.

ఐదో పని: స్టీరింగ్, చక్రాలు

స్టీరింగులో ఆట 30 డిగ్రీలకు మించకూడదని నిబంధన. కొలవడం సులువే. చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగ్ చక్రం పైన దారం ముక్క కట్టి, ముందు చక్రం కదలడం మొదలయ్యేదాకా తిప్పండి. గడియారం ముఖం మీద పన్నెండు నుంచి ఒంటిగంటకు ఎంత దూరమో అంతలోపే ఉండాలి. దాటితే టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ బాక్సు, కింగ్ పిన్ బుష్‌లు వరసగా చూపించండి. చాలాసార్లు గ్రీజు కొట్టక ఎండిపోవడమే కారణం. గ్రీజు నిపుల్స్ ఎన్ని ఉన్నాయో తెలియకుండానే బండి అమ్మేసే యజమానులున్నారు! కమాన్ కట్టల్లో పట్టీ విరిగిందేమో కూడా అదే చేత్తో చూసుకోండి.

టైర్ల గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. మన దగ్గర సమస్య అరుగుదల కాదు, ఎండ. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని కారు టైరుకు గాడి నిండుగా ఉంటుంది, పక్కగోడలు మాత్రం ఎండిన చెరువులా బీటలు తీసి ఉంటాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర చదవండి. 2219 అంటే 2019లో 22వ వారంలో తయారైందని. బీటలు వేలిగోరు దిగేంత ఉంటే గాడిని నమ్ముకోకుండా మార్చేయండి. స్టెప్నీని కూడా చూడండి.

ఆరో పని: రబ్బరు, అద్దం, తుప్పు

విశాఖపట్నం, నెల్లూరు వైపు పాత కార్లను తుప్పు తింటుంది. సీమలో ఉప్పుగాలి లేదు. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో ఒకటి. అందుకే మన పాత కార్ల బాడీలు గట్టిగా ఉంటాయి. కానీ ఎండ రబ్బరు మీద పగబడుతుంది. బ్రేకు గొట్టాలు, రేడియేటర్ గొట్టాలు, పెట్రోలు పైపు ఒక్కొక్కటి చేత్తో వంచి చూడండి. వంచిన చోట పగుళ్లు తెరుచుకుంటే మార్చాల్సిందే. పెట్రోలు పైపు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రకం రబ్బరును అది మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపు అని అడిగి కొనండి. కార్బొరేటర్ కిట్టు కూడా ఏటా చూపించండి.

వైపర్ల సంగతి విచిత్రం. వర్షం లేని ఊళ్లో వాటిని ఎవరూ వాడరు, అందుకే పాడవుతాయి. మోటారు పట్టేస్తుంది, రబ్బరు అద్దానికి అతుక్కుని తునకలవుతుంది. వారానికోసారి నీళ్లు చల్లి తిప్పుతూ ఉండండి. అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉంటే తీసేయండి. 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిషేధించింది. హారన్ ఒకే స్వరంలో మోగాలి, స్పీడోమీటర్ ముల్లు కదలాలి (కేబుల్ తెగితే కొత్తది వేయించడం చిన్న పనే), సైలెన్సర్ చిల్లు పడకూడదు. హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్లు ముందే బిగించుకోండి.

విడిభాగాల కోసం అనంతపురం వాళ్లు బెంగళూరు జేసీ రోడ్డుకు, కడప వాళ్లు చెన్నై పుదుపేటకు, కర్నూలు వాళ్లు హైదరాబాదుకు పోవడం అలవాటే. వెళ్లేటప్పుడు పాత భాగాన్ని విప్పి సంచిలో వేసుకుని వెళ్లండి. అంబాసిడర్ మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అని నోటితో చెబితే దుకాణదారు ఇచ్చేది ఒకటి, మీ బండికి సరిపోయేది ఇంకొకటి అవుతుంది.

ఏడో పని: పొల్యూషన్ పరీక్ష

2000కు ముందు తయారైన పెట్రోలు కారుకు, ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని) దాటకూడదు. ఇది ఉదారమైన హద్దే. బీఎస్ 4, అంటే ఇంకా కఠినమైన కాలుష్య ప్రమాణాల కింద వచ్చిన కార్లకు ఇవి 0.3 శాతం, 200 మాత్రమే. అందుకే పరీక్ష చేసే కుర్రవాడు కంప్యూటర్‌లో మీ బండి తయారీ సంవత్సరం, ఇంధనం ఏమని ఎక్కిస్తున్నాడో భుజం మీదుగా చూడండి. కొత్త బండి హద్దు పడితే ఏ అంబాసిడరూ గట్టెక్కదు.

ముందు రోజు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, ప్లగ్గులు తుడిచి, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండేలా చూసుకోండి. పరీక్షకు వెళ్లేముందు పది పదిహేను నిమిషాలు బండి నడిపి ఇంజిన్ వేడి చేయండి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టండి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తే కార్బొరేటర్ పెట్రోలు ఎక్కువ వదులుతోంది, మిక్చర్ స్క్రూ సర్దాలి. హైడ్రోకార్బన్లు ఎక్కువ వస్తే ఏదో ప్లగ్గు సరిగా కాలడం లేదు, లేదా ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే రెండోదే. దానికి స్క్రూలతో వైద్యం లేదు, వాల్వు సీళ్లో రింగులో చూడాలి.

పరీక్ష రోజు

వీలైతే గడువు ఎండాకాలంలో పడకుండా చూసుకోవాలి గాని, మన చేతిలో ఉండేది 60 రోజులే. మే నెలలో పడితే ఏప్రిల్‌లోనే ముగించండి. స్లాట్ పొద్దున్నే తీసుకోండి. వరసలో ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చోకండి. సీమ బోరు నీళ్లు పోసీ పోసీ రేడియేటర్ లోపల సున్నం గట్టిపడి ఉంటుంది, నిలబడిన బండి పది నిమిషాల్లో పొంగుతుంది. దసరా పనుల్లో రేడియేటర్ కడిగించి, కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయించి ఉంటే ఈ బాధ ఉండదు. ఎండకు పెట్రోలు పంపులో ఆవిరి చేరి బండి స్టార్ట్ కాకపోతే, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగండి. సెల్ఫ్ అదేపనిగా కొడితే బ్యాటరీ దిగిపోతుంది.

డిక్కీలో రెండు మూడు రకాల బల్బులు, ఫ్యూజులు, ఫ్యాన్ బెల్టు, స్క్రూడ్రైవరు, నీళ్ల డబ్బా ఉంచుకోండి. కారు కడిగి తీసుకెళ్లండి. మెరుపు కోసం కాదు, కింద దూరి చూసే మనిషికి మడ్డి లేకపోతే ఏది కారుతోందో ఏది కారడం లేదో తెలుస్తుంది. సీట్లలో సామాను తీసేయండి. కాగితాల పనికి ఏజెంటు సాయం తీసుకుంటే తీసుకోండి, బండితో మాత్రం మీరే వెళ్లండి. స్టార్టింగు చిట్కా, చోక్ ఎంత లాగాలన్నది మీకు తప్ప ఎవరికీ తెలియదు. ట్యాక్సీ బండ్లకు చాలా చోట్ల యంత్రాలతో పరీక్షలు వస్తున్నాయి. అక్కడ రోలర్ల మీద బ్రేకును ఎడమ, కుడి చక్రాలకు విడివిడిగా కొలుస్తారు. మూడో పని సరిగా చేసినవాళ్లు దానికీ భయపడనక్కరలేదు.

కాదంటే వాదనకు దిగకుండా లోపం ఏమిటో కాగితం మీద రాయించుకోండి. "బ్రేకులు బాగాలేవు" అన్న నోటిమాటతో మెకానిక్ దగ్గరికి వెళితే ఆయన అన్నీ విప్పుతాడు. "వెనక ఎడమ చక్రం పట్టడం లేదు" అని రాసి ఉంటే గంటలో పని అవుతుంది.

పాసయ్యాక కొత్త ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, రంగు, గడువు తేదీ ఆ రోజే సరిచూసుకోండి. టైపు తప్పు ఉంటే వెంటనే సరిదిద్దడం సులువు, ఐదేళ్ల తర్వాత అదే మీ పాలిట కొత్త చిక్కవుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ పాత బండికి ఆరు నెలలే చెల్లుతుంది. దసరాకు ఒకటి తీసుకుంటే ఉగాదికి మరొకటి వస్తుంది, ఎండలు ముదరకముందే రేడియేటర్‌ను కూడా అప్పుడే చూపించవచ్చు.